అద్దం వెనుక అంతస్తు

ఆగస్టు. మధ్యాహ్నం ఒంటిగంట. రాస్ అల్ ఖైమా.
నేను కారు దిగలేదు.
డ్రైవర్ యాకూబ్ ఏసీ పెంచాడు.
విండ్‌షీల్డ్‌లోంచి కిటికీల వరసలు లెక్కపెట్టాను:
పన్నెండు.
రిపోర్టులో పన్నెండంతస్తులని రాశాను.
సంతకం నాది, ముద్ర కంపెనీది.

పై మూడు వరసల అద్దాల వెనుక
నేల లేదని
కొన్నవాళ్లకు పద్నాలుగు నెలల తర్వాత తెలిసింది.
ఉన్నవి పావురాళ్లు, తుప్పు పట్టిన గొట్టాలు,
ఎవరో మరిచిపోయిన నిచ్చెన.

ఇప్పుడు చల్లని గదిలో బల్లకు అటూ ఇటూ లాయర్లు.
కొన్నవాళ్లు ఇరవై ముగ్గురు, చాలామంది పళ్ల డాక్టర్లు.
పెట్టిన ప్రతి వందకూ నలభై
వాళ్ల దేశం పన్నులో వదిలేసిందట.
"అయితే పోయింది అరవయ్యే" అంటాడు మా లాయరు,
అత్తసొమ్ము దానం చేసే అల్లుడంత ధీమాగా.

నాకు పెద్దమ్మ కూతురు సౌభాగ్యం గుర్తొచ్చింది.
లక్కీడ్రాలో తనకొచ్చిన గ్రైండర్‌ని కింద పడేసి
"ఊరికే వచ్చిందేగా" అన్నాను.
"వచ్చింది ఊరికే. పగిలింది కూడా ఊరికేనా?" అంది.
డబ్బులు తీసుకునే వదిలింది.

ఆ మాట దగ్గరే ఆగిపోయుంటే బాగుండేది.
కానీ లెక్క నిద్ర పట్టనివ్వదు:
విలువ పెంచి రాసినకొద్దీ మినహాయింపూ పెరిగింది.
లేని మూడంతస్తుల మీద కూడా
వాళ్లకు నలభై చొప్పున ముట్టింది.
నా అబద్ధం
(అబద్ధం కాదు, బద్ధకం)
వాళ్ల జేబులో కొంత పెట్టి
చాలా తీసింది.

రేపు పరిహారం అందితే
ఆ నలభై ఆ దేశం వెనక్కి అడుగుతుందా?
పన్నుల నిపుణుడు ఫోన్లో "అడగొచ్చు" అన్నాడు.
"అడుగుతుంది" అనలేదు.
ఆ రెండు మాటల మధ్య సందు
ముప్పై ఎనిమిది లక్షల దిర్హాములు.

మధ్యవర్తి కళ్లజోడు తుడుచుకుని
నన్ను రెండే అడిగాడు.
"లిఫ్టు దాకా నడవడానికి ఎంతసేపు?"
"రెండు నిమిషాలు."
"లోపల బటన్లు ఎన్ని?"
"తొమ్మిది."
రాసుకున్నాడు.
ఆ కాగితంలో తీసివేత గుర్తు
ఎక్కడా కనపడలేదు నాకు.

తీర్పు ఇంకా రాలేదు.
నిన్న అజ్మాన్‌లో ఒక గోడౌన్ చూడమన్నారు.
ఎండ నలభై ఆరు.
మెట్లెక్కి గది గదికీ వెళ్లి
మడమతో నేలను తట్టి చూశాను.
కింద యాకూబ్ హారన్ కొడుతూనే ఉన్నాడు.