కనకాచారి మోచెయ్యి

జామాయిల్ చెట్టును నరికితే సావదు.
మూడుసార్లు నరికినం, మూడుసార్లు అమ్మినం,
నాలుగోసారి లారీ కిరాయి కూడ ఎల్లలే.
మొద్దులు మాత్రం మిగిలినయి అరెకరంల,
మూడువందల పన్నెండు.
ఓదెమ్మ లెక్కవెట్టింది,
ఒక్కో మొద్దు నెత్తిన సున్నం బొట్టు పెట్టుకుంట.

జేసీబీ అతను గంటకు పదమూడువందలన్నడు.
"మూడొద్దులైతది" అన్నడు,
పండ్లల పుల్ల వెట్టుకుంట.
ఆ పైసలకు మిర్పనారు అస్తది, మందులస్తయి.
నేను నర్సంపేటకు వొయ్యి
కనకాచారి కొట్టు ముంగట నిలవడ్డ.

చారి అవునన్లే, కాదన్లే.
బొగ్గుతోటి షెట్టర్ మీద ఒక గీత గీసిండు,
దానికి ఆనించి ఇంకో గీత,
రెండిటి నడుమ ఒక గుండుసున్న.
"గిది మోచెయ్యి. గిది కుదిరితే
మిగిలిందంత ఇనుమే."

రెండు నెలలు వట్టింది.
వరంగల్ ఆటోనగర్ తుక్కుల రెండు సిలిండర్లు,
ఒకటి వరికోత మిషన్‌ది,
ఇంకోటి దేనిదో అమ్మినోనికే ఎరుకలేదు.
బకెట్టుకు బోరు కేసింగును నిలువునా చీరిండు,
దాని పండ్లకు లారీ కమాన్ పట్టీలు.
కుర్చీ సదానందం సెలూన్లది.
రెక్జిన్ చినిగింది కని గిర్రున తిరుగుతది.
దాంట్ల కూసున్నప్పుడల్ల
మెడకు గుడ్డ కట్టుమనబుద్ధయ్యేది.

చారి కుడిచెయ్యి చిన్ననాడు
బండి ఇరుసు కింద విరిగిందట.
కట్టు కట్టినాయన వంకర కట్టిండు.
నలభై ఏండ్లసంది అది సగమే చాపుకుంటది.
కొలత తీసెటప్పుడు మాత్రం
ఎడమచెయ్యిని ముడుస్తుండె, చాపుతుండె,
గోడమీది నీడను చూస్తుండె.

మొదటి మొద్దు.
పండ్లు దించి లివర్ గుంజిన.
మొద్దు లేవలే, ట్రాక్టర్ లేచింది,
ముంగటి గిరకలు రెండూ మూరెడు గాలిల.
ఓదెమ్మ నవ్వి నవ్వి గట్టుమీద కూలవడ్డది.
బంపర్‌కు ఆరు ఇసుక సంచులు కట్టినం.
ఈసారి పైపు పగిలి
కాగిన నూనె నా అంగి మీద చిమ్మింది.
మూడో తాప పిన్ను వంగింది.

చారి మొద్దు పక్కన గొంతుక్కూసోని
మట్టిని చేత్తోటి దువ్వి దువ్వి చూసిండు.
"గుంజకు. పన్ను పీకెటోడు
ముందుగాల చిగురు ఇడదీస్తడు.
చుట్టూ తవ్వు. ఒక్కో వేరును
పేరువెట్టి పిలిచినట్టు తెంపు."

తూర్పు వేరు టప్పున తెగింది.
పడమటిది సాగింది, తాడు లెక్క, ఇంకా సాగింది.
నడిమి వేరు
కొత్త చెప్పు తీరు కిర్రుమన్నది.
జలుబుకు రాసుకునే నూనె వాసన లేచింది మట్టిల నుంచి.
మొద్దు బోర్ల పడ్డది.
దాని కింద, వేర్ల నడుమ,
నాటిననాటి నర్సరీ సంచి,
నల్లగ, చెక్కు చెదరకుంట.
చెట్టు మూడుసార్లు అమ్ముడువోయింది కని
అది పడ్డకాన్నే ఉన్నది.

రోజుకు పదకొండు. కొన్నొద్దులు నాలుగే.
నా నడుము పట్టేసిననాడు ఓదెమ్మ ఎక్కింది కుర్చీ.
నాకంటే నయం ఆమె చెయ్యి.
ఇంజను చప్పుడు కాదు,
వేరు తెగెముందటి చప్పుడు వింటది.

మూడువందల పదకొండు అచ్చినయి.
ఆఖరిది బోరు పక్కకున్నది,
కేసింగు మెడ చుట్టూ వేరు తిప్పుకొని.
"దాన్ని గుంజితే నీళ్లు వోతయి," అన్నడు చారి.
సున్నం బొట్టు గట్లనే ఉన్నది దాని నెత్తిన.
రోజూ చిగురు వెడుతది.
మోటరెయ్య వొయ్యినప్పుడు ఓదెమ్మ
రోజూ తుంపుతది. ఇద్దరిల ఎవ్వరూ మానుకోరు.

బాకీ ఇచ్చిననాడు చారి
సైకిల్‌కు గ్రీజు డబ్బా తగిలిచ్చుకొని అచ్చిండు.
కీలుకు గ్రీజు నింపిండు,
లివర్ నూకి ఇనుప చెయ్యిని నిండా చాపిండు,
తొమ్మిదడుగులు,
మిర్పతోట మీదికెల్లి.
దాని కిందనే నిలవడి
తుడుచుకున్న గుడ్డనే మళ్ల తుడుచుకుంట ఉన్నడు.

పొద్దుగూకింది, బండి షెడ్డుల వెట్టాలె.
నేను లివర్ మీద చెయ్యేసిన.

"జర ఆగు," అన్నడు.
"ఇప్పుడే మడవకు."