ఏడుగురు మంగతాయార్లు

మా లేసు గోడౌన్లో కంప్యూటర్లు మూడు.
పాలకొల్లులో మూతబడ్డ కాలేజీ వేలంలో
బెంచీలతో పాటు వచ్చినవి.
విండోస్ లేదు వాటిల్లో, లైనక్సు.
"గదికి రెండు కిటికీలున్నాయిగా, చాలవా?" అంది
ఓనరు రోజ్‌మణి గారు.
నవ్వాలో వద్దో తెలీక దగ్గాను.

దారం తూకమేసి ఇస్తాం,
లేసు తూకమేసి తీసుకుంటాం,
మధ్యలో ఉన్నదంతా లెక్క.
సీతారాంపురం, మొగల్తూరు, పంటెక్కి దాటితే సఖినేటిపల్లి,
పదకొండు వందల మంది వేళ్ళు
ముందు నా నోటుపుస్తకంలో, తర్వాత గళ్ళ షీటులో.

షీటు మార్చిలో చచ్చింది.
ఎవరో పేర్లని మటుకు అకారాదిలో పేర్చారు,
బాకీలు కదలకుండా ఎక్కడివక్కడే నుంచున్నాయి.
ఒకరి దారం ఇంకొకరి మెడకి చుట్టుకుంది.

లక్ష్మణేశ్వరం మంగతాయారు వచ్చింది.
"ముప్పావు కిలో నేను బాకీ ఏటండీ?
దారమేమన్నా కూరొండుకు తిన్నానా?"
బాకీ వేరే మంగతాయారుది.
ఆ పేరుతో మాకు ఏడుగురు.
ఇద్దరికి ఇంటిపేరూ ఒకటే,
ఒకావిడ మొగుడి పేరే ఇంకొకావిడ మావగారి పేరు.

భీమవరం నించి ఒకాయన వచ్చాడు, మెడలో ట్యాగు.
"ముందు మూడింటికీ విండోస్ కొనాలండి.
ఆనక మా సాఫ్ట్‌వేరు, ఏడాదికింత."
కట్టకపోతే?
"తెరుచుకోదండి."
లెక్క ఎవరిదండీ?
"అయ్యో, మీదేనండి."
మరి తాళం?
కాఫీ తాగి వెళ్ళాడు.

పంటు మీద టికెట్లు కోసే ఎఫ్రాయిము
పాలిటెక్నిక్ చదివాడు. పెన్‌డ్రైవులో మూడు తెచ్చాడు,
మూడూ ఊరికే ఇచ్చేవే.

ఒకటి, ఒకే ఫైలు. మూతున్న రేకు డబ్బా లాంటిది.
నాకు మనసైంది.
కానీ దారం బల్ల దగ్గర నేనూ, లేసు బల్ల దగ్గర కరుణమ్మా
ఒకేసారి రాయబోతే
ఒకరు గుమ్మంలో ఆగాలిట.
కరుణమ్మ ఎక్కడా ఆగదు.

ఇంకోదాని పేరులో మరియ ఉంది.
రోజ్‌మణి గారు ఆ ముక్క దగ్గరే ఆగిపోయి
"ఇదే పెట్టెయ్" అన్నారు.

మరోదాని బొమ్మ ఏనుగు.
మేతెక్కువా? అన్నాను.
"మేత కాదండి, మావటి కావాలి."

నేనొక పరీక్ష పెట్టాను.
ఏడుగురినీ ఎక్కించు.
నాలుగో ఆవిడ తూకం రాస్తుండగా మెయిన్ ఆపేస్తాను.
మా వీధిలో కరెంటు చెప్పి పోదు కదా.

ఆపాను.
ఫ్యాను నిదానంగా ఆగింది.
రేవులో పంటు ఇంజను వినపడింది, అప్పటిదాకా లేనట్టు.
వెలిగించాక చూస్తే
మరియా బతికుంది, ఏనుగూ బతికుంది.
సగం రాసిన తూకాన్ని రెండూ విప్పేశాయి,
కుట్టు తప్పితే ముడేసి దాచకుండా
వెనక పువ్వు దాకా లాగేసే పనిమంతురాల్లా.

ఎఫ్రాయిముని అడిగాను,
నువ్వు లేనిరోజు దీన్నెవరు చూస్తారు?
మరియ తెలిసినవాళ్ళు రేవుకి ఇటు ఇద్దరు, అటు ఒకరు.
ఏనుగు తెలిసినాయన కాకినాడలో.
అంతే, తేలిపోయింది.
పేరు చూసే తీసుకున్నామని
రోజ్‌మణి గారు ఇప్పటికీ అందరికీ చెబుతారు.
నేను దిద్దలేదు.

ఇక మనిషికో నంబరు.
పేరు మారినా, ఊరు మారినా, మొగుడు మారినా
అది మారకూడదన్నాడు ఎఫ్రాయిము.
లక్ష్మణేశ్వరం ఆవిడకి నాలుగొందల పన్నెండు.
"నంబరేంటండీ, నేనేమన్నా బస్సునా?" అని
చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని
వెనక్కి చూడకుండా పోయింది.

వానలు పడ్డాక ఆవిడ సంచీలోంచి
గుండ్రటి బల్లగుడ్డ ఒకటి వచ్చింది.
అంచున, పువ్వుకీ పువ్వుకీ మధ్య,
దీపం కిందకి పట్టుకుంటే తప్ప కనపడకుండా
4 1 2.

ఎగుమతికి పనికిరాదంది కరుణమ్మ.
నేను తూచాను. నలభై మూడు గ్రాములు.
ఆవిడ బాకీలోంచి తీసేసి,
ఉప్పుగాలి కొట్టకుండా
మధ్య కంప్యూటరు మీద కప్పాను.