నాల్గో బోల్టు పైలం

మదీనత్ జాయెద్ సనాయియాల మా షెడ్డు.
పొద్దుగాల ఆరింటికే
పైన రేకు టిక్కు టిక్కుమని కాలుడు షురూ.

ముసబ్బె ముసలోడు పికప్ తెచ్చిండు.
తెచ్చిండంటే,
కొడుకు కొత్త బండి ముందట, తాడు నడుమ,
ఈయన వెనక స్టీరింగు పట్టుకొని.
ముప్పై ఏండ్ల బండి.
అసలు రంగేందో ఇసుకకే ఎరుక.

"టర్బో ఎక్కియ్" అన్నడు కొడుకు ఖల్ఫాన్.
ముసలోడు చెయ్యి అడ్డం ఊపిండు.
"ఉరుకనీకి నా ఒంటెలున్నయ్.
దీనికి గుంజుడు గావాలె."
ఆయన అన్నది అరబ్బీల.
నా చెవుల పడ్డది మాత్రం గుంజుడే.

గుంజుడంటే నాకెరుకే.
ముత్యంపేట ఫ్యాక్టరీ గేటు కాడ
చెరుకు లోడు వెనక్కి పీకితే
ట్రాక్టరు ముందు టైర్లు గాల్లకు లేస్తుండె.
డ్రైవరు బానెట్ మీద ఇద్దరు పోరగాండ్లను కూసోబెట్టేటోడు, బరువుకు.
అండ్ల నేనొకన్ని.
కింద ఇంజను మెల్లగ, లోతుగ, కోపం లేకుంట మూల్గేది.
ఇరువై ఏండ్లాయె, ఆ వణుకు
ఇంకా నా తొడలల్లున్నది.

హెడ్డు లేపినం.
ఆరు సిలిండర్లు, ఆరు తీర్ల అరుగుడు.
గుల్‌జమాన్ ఖాన్ బోరు అర మిల్లీ పెద్దగ చేసిండు,
రాత్రి పదకొండు దాక, నడుమల నమాజుకు ఒక్కసారి ఆగి.
క్యామ్ మార్చినం. ఎత్తు మూపురం పనికిరాదు, పొట్టిది గావాలె,
వాల్వు జెల్ది మూసుకోవాలె,
బలం కిందికెళ్ళే పుట్టాలె, పన్నెండొందల తిప్పులకే.
సైలెన్సర్ గొట్టం లావుది పెట్టుమన్నడు ఖల్ఫాన్.
సప్పుడు పెరుగుతది బిడ్డా, అన్న,
బరువుకు సప్పుడు వినవడది.

ఇగ పక్క మూత విప్పిన.
లోపలి దిక్కు జిడ్డు, బెల్లం పాకం లెక్క.
డీజిల్ గుడ్డతోని తుడుస్తుంటే
గీతలు.
మొలతోని గీకిన అక్షరాలు.
మనయి.

"నాల్గో బోల్టు పైలం."

పేరు లేదు. సాలు లేదు.
పైలం అన్న మాటొక్కటే వాని ఊరి దిక్కు చెప్తున్నది.
మర మీద మర ఎక్కిచ్చి బొక్క ఖరాబు చేసినట్టున్నడు,
ఫోర్‌మన్‌కు చెప్తే జీతం కోసుకుంటడని
మూత పెట్టి బిగిచ్చి
తర్వాత విప్పేటోనికి మాత్రం చెప్పి పోయిండు.
ఇంత ఎడారిల
ఈ ఇంజను మళ్ళ విప్పేది మనోడే అని
వానికెట్ల తెలుసు?

నాల్గో బోల్టు తిప్పి చూసిన.
నిజమే. పట్టు లేదు, ఊరికే తిరుగుతున్నది.
బొక్క పెద్దగ చేసి, కొత్త మర తొడుగు దింపి,
టార్క్ రెంచీ కిట్టుమనే దాక బిగిచ్చిన.
ఇగ పైలం అక్కర్లేదు.
అయినా ఆ మాట గీకెయ్యలే.
గుల్‌జమాన్ "క్యా లిఖా హై?" అంటే
"కంపెనీ నంబరు" అన్న.

శుక్రారం లివా పోయినం.
టైర్లల్ల పన్నెండు పౌండ్ల గాలి,
వెనక ట్రాలీ, ట్రాలీల రెండు ఒంటెలు,
అవిటి మొకాలల్ల నా మీద నమ్మకమే లేదు.
మెత్తటి దిబ్బ, సగం ఎక్కినంక
ముసలోడు కావాల్నని బ్రేకు తొక్కిండు.
నా పానం పోయింది.
ఆగిన బండి అక్కడికెళ్ళి లేవాలె గదా.
ఆయన గుత్ర సదురుకున్నడు,
అద్దంల ఒంటెలను చూసిండు,
క్లచ్చి ఇడిసిండు.
అరవలే ఇంజను. మూల్గింది.
ఇసుక ఒక్క జానెడు కిందికి జారింది,
మేము రెండు జానలు పైకి.

పైకెక్కినంక మెచ్చుకుంటడనుకున్న.
మూడొందల దిర్హాములు తగ్గియ్యుమన్నడు.

వాళ్ళు బేరం మర్చిపోయి ఒంటెలకు నీళ్ళు పెడుతుంటే
నేను బానెట్ లేపి
ఇంజను పక్కపొంటి వేలు దూర్చిన,
నాల్గో బోల్టు కాడ.
కాలింది.
నూనె చెమ్మ లేదు.