ముప్పై ఏడు పావలాలు

తిరుపతి నుంచి దామలచెరువు, ఆరున్నర ట్రిప్పు.
చిల్లర లేదనడం నాకు రాదు.
టికెట్టు వెనక రాసిచ్చి
దిగేటప్పుడు మర్చిపోతార్లే అనుకోవడమూ రాదు.
పాకాల్లో దిగిపోయిన ముసలాయన్ని
కిటికీలోంచి కేకేసి
మూడు రూపాయలు చేతిలో పెడితే
డ్రైవర్ గుర్నాథం హారన్ మీద చెయ్యేసి నవ్వుతాడు:
"బాకీ అంటే నీకు బూచోడా, దేశమ్మా?"

బూచోడు కాదు గుర్నాథం.
ఒక మామిడి తొక్క.

తోతాపురి కాలం. గుజ్జు ఫ్యాక్టరీ షెడ్డు.
అమ్మ వేళ్ళ సందుల్లో సొన కాల్చిన మచ్చలు.
నాది పేరుకు ఆరో తరగతి,
నిజానికి తొక్కలెత్తే తరగతి.
జూన్‌లో బడి తెరిస్తే
మా పేట పిల్లలం జూలై ఆఖరికి వెళ్ళేవాళ్ళం,
ఒంటి చుట్టూ ఈగలు తగ్గాక.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర
దేవసహాయం సారు మోపెడ్ ఆగింది.
పిల్లల్ని బడికి పంపండని ఉపన్యాసం చెప్పలేదు.
ఆయనకి ఉబ్బసం,
ఉపన్యాసానికి ఊపిరి చాలదు.
క్రేటు బోర్లించుకుని కూర్చుని
జేబులోంచి సుద్దముక్క తీశాడు.

"మేయ్ దేశమ్మా, మీయమ్మ నిన్న ఎన్ని క్రేట్లు వొలిచింది?"
"ముప్పై ఏడు సార్."
"క్రేటుకెంత?"
"రెండు రూపాయల పావలా."
"చేతికెంతొచ్చింది?"
"డెబ్బై నాలుగు."
ఆయనేమీ అనలేదు.
సుద్ద నా చేతిలో పెట్టాడు.

పావలాల్ని ఎట్లా గుణించాలో నాకు తెలీదు.
నాలుగైతే రూపాయని తెలుసు.
ముప్పై ఏడు తొక్కలేరి
నాలుగేసి కుప్పలు పెట్టుకుంటూ పోయాను.
తొమ్మిది కుప్పలు.
ఒక తొక్క మిగిలింది.
విసిరెయ్యబోతే సారు చెయ్యి పట్టుకున్నాడు:
"మిగిలింది పారెయ్యబాక.
అది గూడా మీయమ్మదే."

చెంగల్రాయుడు మేస్త్రీ ముందు నిలబడి
తొమ్మిది రూపాయల పావలా అడిగింది నేనే.
సారు అడగమనలేదు. వద్దనీ అనలేదు.
మేస్త్రీ నవ్వుతూనే ఇచ్చాడు, పావలాతో సహా.
మర్నాడు షెడ్డులో అమ్మకి పీట లేదు.
ఆ సీజనంతా లేదు.

ఇది దాచిపెట్టి సారు గొప్పోడంటే
అబద్ధమవుతుంది.
నెలన్నర సంగటిలోకి ఉప్పే మాకు.
మోపెడ్ చప్పుడైతే అమ్మ తలుపేసేది.
"అయ్యోరు లెక్క నేర్పినాడు, కూడు మరిపించినాడు"
అని వీధంతా వినపడేట్టు తిట్టేది.
ఒకరోజు ఆయన మూసిన తలుపుతోనే మాట్లాడాడు:
"నేను ఇంకొంచెం ఆలోచించుండాల్సింది తల్లీ. తప్పు నాదే."
లోపల అమ్మ గరిటె ఆగిపోయింది.
మా పేటకొచ్చి
ఒక అయ్యోరు తప్పు నాదనడం
అంతకుముందు మేం విన్లేదు.

పై ఏడు ఇంకో ఫ్యాక్టరీలో
క్రేటుకో ముడి చొప్పున
కొంగంతా ముడులేసుకుంది అమ్మ.
పక్క పీటామె లెక్క
ఇంకో కొంగున.
ఎవరు నేర్పారే అంటే
"ఎవురూ లే" అంది.
సారుకి అప్పటికే కుప్పం వైపు బదిలీ.

మొన్న చంద్రగిరిలో మునస్వామి బస్సెక్కాడు,
నాతో తొక్కలెత్తినవాడు.
యాభై నోటిచ్చి, టికెట్టు తీసుకుని,
కిటికీ వైపు తిరిగి చెప్పాడు:
"సారు పోయినాడంట మేయ్. రాయవేలూరు ఆస్పత్రిలో.
రెండు నెలలైందంట."
మిషన్ మీద నా బొటనవేలు అట్లాగే ఉంది.
వెనక సీట్లోంచి ఎవరో
టికెట్, టికెట్ అంటున్నారు.

రాత్రి డిపోలో డబ్బు కడుతుంటే
సంచి అడుగున ఒక రూపాయి ఎక్కువొచ్చింది.
మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ ఎక్కువే.
"ఒక్క రూపాయే గదక్కా, వేసుకో" అన్నాడు క్యాషియర్.

బిళ్ళ అరచేతిలో వెచ్చగా ఉంది.
"ఎవురిదో ఉంటాది" అన్నాను.
"పొద్దున మొదటి ట్రిప్పులో అడగతా."