తోళ్లాయన

నాలుగు సమావేశాలు కూర్చున్నాడు ఆసహెల్ విన్‌చెల్,
తోళ్లు పదును చేసేవాడు,
న్యూ హాంప్‌షైర్ కొండల్లోంచి
మూడు రోజులు గుర్రం మీద వచ్చి.

అతని పక్కన ఎవరూ ఇష్టపడి కూర్చోలేదు.
సున్నం తొట్టి వాసన, ఓక్ బెరడు వాసన
కోటుతో పాటే సభలోకి వచ్చేవి.
గుమాస్తా ఒకచోట విన్‌షెల్ అని రాశాడు,
ఒకచోట మిచెల్.
మార్జిన్లో, ఎవరి దస్తూరీయో, ఉత్త "తోళ్లాయన".

అంత లావు పుస్తకంలో
అతను నోరు విప్పింది రెండుసార్లు.
మొదటిసారి, కిటికీ తెరవమని.
ఓటుకు పెట్టారు. వీగిపోయింది.

రెండోసారి, అప్పు ఖైదు రద్దు బిల్లు రోజు.
వకీళ్లు లాటిన్ ముక్కలు దులిపేసి కూర్చున్నాక
లేచాడు:

"మా వాగవతల ఎఫ్రయిమ్ హోల్ట్ జైల్లో ఉన్నాడు.
వేయించింది నేనే.
ఆవును తోలుకొచ్చుకున్నాక కూడా
ఇంకా పదకొండు షిల్లింగులు బాకీ.
ఆ ఆవు నా కొట్టంలో
వాళ్ల ఇంటివైపే మొహం పెట్టి నిలబడుతుంది.
చేపడం లేదు.
నాకు చట్టం తెలీదు. ఆవు తెలుసు."

సభలో నవ్వులు, అని రాసుంది.
బిల్లు పోయింది, తొమ్మిది ఓట్లతో.

తర్వాతి పేజీల్లో అతను లేడు,
ఏ పేరుతోనూ.

ఖజానా చిట్టాలో మాత్రం, ఆ చలికాలం, ఒక వరస:
ఆసహెల్ విన్‌చెల్, ప్రయాణ భత్యం,
పదకొండు షిల్లింగులు.
స్పెల్లింగు సరిగ్గానే ఉంది.
పుచ్చుకున్నది: కౌంటీ జైలరు.

ఆవు సంగతి
ఎక్కడా రాయలేదు.