కౌంటరు మీద, వెదురు కానిది

డోరీన్ మోకాలి ఆపరేషనుకి వెళ్తూ
బట్టల టికెట్టు వెనక రాసిచ్చింది:
“కుళాయి నీళ్లు వద్దు. ఎండ తగలనివ్వకు.
ముద్దు అసలొద్దు, ముద్దుకే ముందు చస్తుంది.”
హల్‌లో, హెసిల్ రోడ్డులో, నవంబరులో
ఎండ గురించి జాగ్రత్త చెప్పాలంటే
మనిషికి ఎంత నమ్మకం ఉండాలి!

ఐదు కాడలు. నడుముకి ఎర్ర రిబ్బను.
గాజు కూజాలో గులకరాళ్ల మధ్య నిలబడి
నేను ఇస్త్రీ చేసే చొక్కాల్ని లెక్కపెడుతున్నట్టుంటాయి.
లక్కీ బాంబూ అంటారు గానీ వెదురు కాదట,
వెదురుతో ఏ చుట్టరికమూ లేదట.
ఎవరో పేరు తగిలించారు, అది కాదనలేదు.
సౌదామినికి నోరు తిరక్క
ఈ రోడ్డంతా నన్ను శాండీ అంటుంది.
నేనూ కాదనలేదు.

మొదటి వారం మరిచిపోయి కుళాయి నీళ్లే పోశాను.
కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కట్టే నీళ్లు.
ఆకుల కొసలు టీ మరకల రంగుకి తిరిగాయి.
అప్పుడు వెనక గుమ్మంలో సత్తుగిన్నె పెట్టాను.
రెండు గంటల్లో నిండింది. ఇక్కడ అడగకుండా
దొరికేది అదొక్కటే, వాన.

ఇక ప్రతి ఆదివారం, షాపు షట్టరు సగం దించి,
పాత నీళ్లు పారబోసి, రాళ్లు కడిగి,
గాజుకి పట్టిన నాచు పాత టూత్‌బ్రష్‌తో తోమి
వేళ్లని అరచేతిలోకి తీసుకుంటాను.
ఎర్రగా ఉంటాయి. డోరీన్ ఆ సంగతి రాయలేదు.
పారాణి ఆరకుండానే నీళ్లలో దిగినట్టు.
మన మాటలో ఇవీ వేళ్లే, అవీ వేళ్లే.
కాసేపు ఏవి ఎవరివో తెలీదు.

హీటరు పెట్టిన పది రోజులకి ఒక కాడ
కింద నించి పచ్చబడింది. అరటిపండు పచ్చ.
నొక్కితే మెత్తగా లోపలికి పోయింది.

గురువారం ఏప్రన్లు తీసుకోడానికొచ్చిన
పక్క టేకవే క్వాన్ చూసి నాలిక చప్పరించాడు.
“తీసెయ్, లేకపోతే అన్నీ కుళ్లుతాయి.
కానీ నాలుగు మాత్రం ఉంచకు.
మా భాషలో నాలుగన్నా చావన్నా
చెవికి ఒకేలా ఉంటాయి.
ఇంకోటి కూడా లాగేసి మూడు చెయ్యి.”

కత్తెర పట్టుకుని నిలబడ్డాను.
నిక్షేపంలాంటి కాడని
లెక్క కోసం ఎలా లాగేది?

“నలుగురూ ఏమనుకుంటారే” అనేది మా మేనత్త
నేను గట్టిగా నవ్వినా, నవ్వకపోయినా.
ఆ నలుగురెవరో చూపించమని ఏడేళ్లప్పుడు అడిగితే
వీపు మీద ఒక్కటిచ్చింది.
ఆవిడ పోయినప్పుడు చూశాను వాళ్లని.
పాలవాడు, రేషన్ షాపు సింహాద్రి,
ఇద్దరు పేరు తెలియనివాళ్లు,
భుజాల మీద అసలు వెదురు.

క్వాన్ గారూ, మీకు నాలుగంటే చావు.
మాకు చావుకైనా నలుగురుండాలి.

ఇది ఇంగ్లీషులో పేర్చుకుని చెప్పబోతుంటే
సగంలో అతని ఫోను మోగింది:
రొయ్యలు, ఎగ్ ఫ్రైడ్ రైసు, ఇద్దరికి.

పచ్చబడ్డ కాడని తీసేశాను.
పైన జానెడు ఇంకా ఆకుపచ్చగానే ఉంది,
దాన్ని కోసి టీ కప్పులో నిలబెట్టాను.
పద్దెనిమిది రోజులు ఏమీ లేదు.
పారేద్దామనుకుని ఒకసారి, బద్ధకించి ఒకసారి.
పంతొమ్మిదో రోజు, కోటుకి గుండీ కుడుతూ చూస్తే
కాడ అడుగున బియ్యపు నూకంత బుడిపె.

ఆ సాయంత్రమే డోరీన్ ఫోను.
మోకాలి గురించి ఒక్క ముక్కా లేదు.
“ఐదూ ఉన్నాయా?”
“నాలుగున్నర” అన్నాను.
అటు పక్క చాలాసేపు టీవీ చప్పుడే.
తర్వాత అంది:
“ఆ సగానికి అప్పుడే రిబ్బను కట్టకు.”