కుదురు

బిందె మోసేప్పుడు నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్టలాగా
ముడుచుకుంటుందని
దానికి కుదురు అని పేరు పెట్టింది మా గౌసియా.
ఆఫ్రికా జాతి కొండచిలువ. విషం లేదు,
కోపం కూడా లేదు.
భయమేస్తే తల తన చుట్టల్లోనే దాచుకుంటుంది,
అప్పులాయన కనపడితే నేను కొట్టు షట్టరు దించినట్టు.

మాఘమాసంలో దానికి జత తెచ్చాం నెల్లూరు నుంచి,
దిండు గలేబులో మూతి ముడేసి,
కావలి బస్సులో, ఒళ్లో పెట్టుకుని.
పక్క సీటాయన "గెణుసుగడ్డలా?" అన్నాడు.
అవునన్నా.

ఆ తర్వాత అది ఎలకని ముట్టలేదు.
ఒకరోజు నడుం దగ్గర గిన్నె మింగినట్టు ఉబ్బింది, తగ్గింది.
వెల్లకిలా పడుకునేది.
కుబుసం విడిచిన ముప్పయ్యో రోజు తెల్లారగట్ల
ఏడు గుడ్లు,
ఒకదాన్నొకటి అంటుకుని,
చుట్టూ అది.

ఆ చుట్టు విప్పడం నా చేత కాలేదు.
కంప్రెసర్లు విప్పిన చేతులే, వణికాయి.
గౌసియా విప్పింది ఒక్కో మెలికా,
నిద్రపోతున్న పిల్ల జడ విప్పినట్టు.

గుడ్డు పెట్టింది పెట్టినట్టే ఉండాలి.
దొర్లితే లోపలి ప్రాణం తన నీళ్లలోనే మునుగుతుంది.
అందుకని ప్రతిదాని నెత్తినా పెన్సిలుతో ఒక గీత.
చీకట్లో టార్చి పెడితే
ఆరింట్లో ఎర్రటి దారాలు.
ఏడోది పసుపుపచ్చగా ఊరుకుంది.
విడదీస్తే పక్కది చిరుగుతుందని
దాన్నీ వాటితోనే ఉంచాం.

తల్లిని గోరువెచ్చటి నీళ్లతో కడిగాం.
గుడ్ల వాసన పోతేగానీ తిండి తినదంట.
వాసన పోయింది.
అది మాత్రం నీళ్ల గిన్నె చుట్టూ చుట్టుకుని
పదకొండు రోజులు
ఆ సత్తు గిన్నెని కాసింది.

చలిదేశాల వాళ్ల లెక్కల్లో
ముందుగా హీటరు కొనాలి.
ముప్పై ఒకటిన్నర డిగ్రీలు, అరవై రోజులు.
మనకా, రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ,
మా రేకుల కొట్టులో నలభై నాలుగు!
గుడ్లకి వేడి ఇవ్వడం కాదు,
వేడి తగలకుండా చూడటం నా పని.
ఎవరో వదిలేసిన పాత ఫ్రిజ్జుకి గ్యాసు నింపి
రొయ్యల హేచరీలో పనిచేసే పెంచలయ్య ఇచ్చిన
థర్మోస్టాట్ బిగించా.
ముప్పై ఏళ్లు పెరుగుకీ కూల్‌డ్రింకుకీ చల్లదనం అమ్మినోణ్ణి,
ఇంత సన్నటి లెక్క ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి కరెంటు పదింటికి పోయింది.
ముప్పై రెండు. ముప్పై రెండున్నర.
టీవీఎస్ మీద తుమ్మలపెంట పోయి
చేపల వాళ్ల దగ్గర ఐసు దిమ్మె తెచ్చా, గోతాం చుట్టి.
వీధిలో మంచం మీద ఎదురింటి వెంగమ్మ లేచి కూర్చుంది.
"ఏందబ్బయా, పాము గుడ్లకి ఐసా?
మా పిలకాయలు ఉడికిపోతా ఉంటే!"
నాకు మాట రాలేదు.
సుత్తితో దిమ్మె పగలగొట్టి
సగం వాళ్ల తపేలాలో వేశా.
ఆ చీకట్లో ముగ్గురు పిల్లలు ఐసు నమిలిన చప్పుడు,
ఫ్రిజ్జు తలుపుకి చెవి ఆనించి నేను.

యాభై ఎనిమిదో రోజు గుడ్లు గుంటలు పడ్డాయి,
చల్లారిన పూరీల్లాగా.
మర్నాడు ఒకదానికి చీలిక,
సరిగ్గా నేను గీసిన గీత మీద.
చీలికలో ముక్కు.
రాదు, పోదు.
పగలంతా అట్టాగే, గడప మీద కూర్చున్నట్టు
ఈ లోకం గాలి పీలుస్తూ.
నాలుగు బయటికొచ్చాయి.
ఒకటి లోపలే, పూర్తిగా తయారై, ఆగిపోయింది.
ఇంకోటి ఇంకా ఆలోచిస్తా ఉంది.
ఆ కరెంటు పోయిన రాత్రా, ఆ అర డిగ్రీనా?
గౌసియా నన్ను అడగలేదు.

తడి పిల్లనొకదాన్ని అరచేతిలోకి తీసుకుంది.
తల లోపలికి లాక్కుని అది ముడుచుకుంది,
నిమ్మకాయంత కుదురు.
తన మీద ఏ బిందె రాబోతుందో తెలీకుండానే.

బయట వెంగమ్మ చిన్నోడు తలుపు కొడుతున్నాడు,
తపేలా పట్టుకుని,
ఐసుందా అని.